ఆపదకని దాచే తూటాలు: పన్నెండు బోర్, .32, .315, .22లో సీమ ఇళ్లకు ఏది, ఎన్ని

ఆపద సమయానికి తూటాలు నిల్వ పెట్టుకోవడం గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా వాళ్లు రాసినవే. నాలుగైదు రకాల తుపాకులు కొనండి, ఒక్కోదానికి వేల తూటాలు పెట్టుకోండి అని వాటిలో ఉంటుంది. కర్నూల్లోనో, కడపలోనో, అనంతపురంలోనో లైసెన్సు తుపాకి ఉన్న మనిషికి అందులో ఒక్క ముక్కా పనికిరాదు. ఇక్కడ ఒకరి పేరు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదు. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించినప్పుడు మూడు నుంచి రెండుకు తగ్గించారు. ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాది మొత్తానికి ఎన్ని కొనొచ్చో రెండూ లైసెన్సులోనే రాసి ఉంటాయి. కాబట్టి మనం తేల్చుకోవాల్సింది మూడు విషయాలు. లైసెన్సులో రాసిన బోర్, అంటే గొట్టం కొలత, ఏది? ఆ తూటా మన జిల్లా డీలరు దగ్గర ఏడాది పొడుగునా దొరుకుతుందా? కొన్న కొద్దిపాటి తూటాలు మన ఎండకు, వానకు చెడకుండా ఉంటాయా?

ఈ మూడూ కలిపి చూస్తే మా సలహా ఇది: పొలం మీదనో, ఊరి చివరనో ఉండే ఇంటికి పన్నెండు బోర్ ఒక్కటి చాలు. అందులో రెండు రకాల తూటాలు, మొత్తం పాతిక ముప్ఫై. .32 రివాల్వరో పిస్తోలో ఉన్నవాళ్లు .32తోనే సర్దుకోవచ్చు, పన్నెండు బోర్ కోసం మళ్లీ పరుగెత్తనక్కర్లేదు. .315 రైఫిలు ఇంటి రక్షణకు తగదు. .22 సాధనకే పనికొస్తుంది. ఎందుకో కింద వివరంగా ఉంది.

ముందు లైసెన్సు తెరిచి చూడండి

లైసెన్సులో తుపాకి రకం పక్కన ఎస్‌బీబీఎల్ అనో డీబీబీఎల్ అనో ఉంటే అది వెనక నుంచి తూటా పెట్టే పన్నెండు బోర్. మొదటిది ఒంటి గొట్టం, రెండోది జంట గొట్టం. ఎంఎల్ అని ఉంటే ముందు నుంచి మందు కూరే నాటు తుపాకి. ఎన్‌పీబీ అంటే నిషేధం లేని బోర్, పీబీ అంటే నిషేధిత బోర్. .303, 7.62 మిల్లీమీటర్ల రైఫిళ్లు, సైన్యం వాడే 9 మిల్లీమీటర్ల తూటా పట్టే పిస్తోళ్లు, .380, .455 రివాల్వర్లు నిషేధిత వర్గంలోకి వస్తాయి. వాటికి లైసెన్సు ఇచ్చేది కేంద్ర హోం శాఖ, కలెక్టరు కాదు. వాటి తూటా ఒక్కటి కూడా ఇంట్లో ఉండకూడదు. నిషేధిత తూటా దొరికితే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా శిక్ష పడొచ్చు. మామూలు బోర్ తూటా అయినా, మీ లైసెన్సులో లేని బోర్‌దైతే అది లైసెన్సు లేని తూటా కిందే లెక్క. దానికి రెండేళ్ల నుంచి ఐదేళ్లు.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. జేజినాయన కాలం ట్రంకు పెట్టెలో నాలుగు పాత .303 తూటాలో, ఎవరో రిటైరైన జవాను ఇచ్చిపోయినవో ఉంటే, ‘ఉండనీలే, ఎప్పటికైనా పనికొస్తాయి’ అని వదిలేస్తారు. అవి పనికిరావు, కేసు మాత్రం తెస్తాయి. తుపాకి ఉన్న పెద్దాయన పోతే ఆ తుపాకిని, తూటాలను వెంటనే పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి, రసీదు తీసుకుని, ఆ తర్వాతే వారసుల పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. లైసెన్సు చేతికొచ్చేదాకా అది మీ తుపాకి కాదు.

ఇంకా ఏ తుపాకీ కొననివాళ్లకు చట్టమే ఒక దారి చూపిస్తుంది. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, రక్షణకో క్రీడకో అడిగితే 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నటి గొట్టం తుపాకికి, అంటే మన పన్నెండు బోర్‌కు, పంట కాపలాకు అడిగితే ముందు నుంచి కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలి. పంట కాపలాకు నాటు తుపాకి చాలదని అధికారికి నమ్మకం కుదిరితే దాని బదులు పన్నెండు బోర్ ఇవ్వొచ్చు. రివాల్వరుకో రైఫిలుకో అయితే తగిన కారణం ఉందని మీరు ఒప్పించాలి. దరఖాస్తు దశలోనే పన్నెండు బోర్ తేలిక.

పన్నెండు బోర్: ఒక తుపాకి, అరడజను పనులు

పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావు ఉంటుందో ఈ గొట్టం లోపలి వెడల్పు అంత, సుమారు 18.5 మిల్లీమీటర్లు. తుపాకి మార్చకుండా తూటా మారిస్తే పని మారిపోవడం దీని బలం. ఏ నంబరు తూటాలో ఏముందో తెలియకుండా ‘పన్నెండు బోర్ ఇవ్వండి’ అని అడిగితే డీలరు తన దగ్గరున్నది ఇస్తాడు. అక్కడే పొరపాటు జరుగుతుంది.

నంబరు పెరిగేకొద్దీ సీసపు గుండు చిన్నదవుతుంది. 6 నంబరు గుండు 2.6 మిల్లీమీటర్లు, ఔన్సుకు దాదాపు 270 గుండ్లు. 4 నంబరు 3.1 మిల్లీమీటర్లు, ఔన్సుకు 170. బీబీ 4.1 మిల్లీమీటర్లు, ఔన్సుకు 70. ట్రిపుల్ ఏ 5.2 మిల్లీమీటర్లు, ఔన్సుకు 35. ఎస్‌జీ 8.4 మిల్లీమీటర్లు, ఔన్సుకు ఎనిమిది. ఎల్‌జీ 9.1 మిల్లీమీటర్లు, ఔన్సుకు ఆరు. ఇవి కాక ఒకే గుండున్న తూటా కూడా ఉంది.

ఇంటి రక్షణ అనగానే అందరూ ఎల్‌జీ అడుగుతారు. పెద్ద గుండు పెద్ద బలం అనే లెక్క. గుండు ఎంత దూరం పోతుందో కూడా చూడాలి. 6 నంబరు గుండు మహా అయితే 200 మీటర్లు పోయి నేల పడుతుంది. బీబీ 300 దాటుతుంది. ఎస్‌జీ, ఎల్‌జీ గుండ్లు 600 మీటర్లు దాటి పోగలవు. మన పల్లెల్లో ఇంటి గోడకు గోడ ఆనుకుని ఉంటుంది, వీధి చివర కట్ట మీద మనుషులు పడుకుని ఉంటారు, మిద్దెల మీద ఎండాకాలం పిల్లలు నిద్రపోతారు. అలాంటి చోట ఎల్‌జీ కాల్చితే తప్పిన గుండు ఎవరింట్లో ఆగుతుందో చెప్పలేం. ఊళ్లో ఇంటికి 4 నంబరు గానీ బీబీ గానీ సరిపోతుంది. ఇంటి లోపలి దూరం, అంటే వాకిలి నుంచి పెరటి దాకా పది పదిహేను మీటర్లలో, ఆ గుండ్లింకా చెదరకుండా గుంపుగానే ఉంటాయి. చుట్టూ అర కిలోమీటరు దాకా మనిషి లేని పొలం ఇంటికైతే ఎస్‌జీ ఐదో పదో ఉంచుకోవచ్చు. ఒంటి గుండు తూటా మాత్రం వద్దనే మా మాట. దానితో రైఫిలు ప్రమాదం వస్తుంది, రైఫిలు గురి రాదు. పైగా గొట్టం కొన బిగువుగా ఉన్న పాత తుపాకిలో అది గొట్టాన్నే దెబ్బతీయొచ్చు.

గొట్టం కొన బిగువును చోక్ అంటారు. జంట గొట్టం తుపాకిలో సాధారణంగా కుడి గొట్టం కొంచెం వదులు, ఎడమ గొట్టం బిగువు. ముందు ట్రిగ్గర్ కుడిదాన్ని, వెనక ట్రిగ్గర్ ఎడమదాన్ని పేలుస్తాయి. చోక్ లేని గొట్టంలో గుండ్లు గజం దూరానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయని మోటు లెక్క. ముప్ఫై గజాలకు ముప్ఫై అంగుళాల వెడల్పు. అందుకే ముప్ఫై ముప్ఫై ఐదు మీటర్లు దాటితే పన్నెండు బోర్ మీద నమ్మకం పెట్టుకోకూడదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. తూటా పొడవు. ఈ మధ్య దొరికే తూటాల మీద 70 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. ఆ కొలత పేలాక గొట్టు, అంటే తూటా బయటి గుల్ల, విచ్చుకున్న తర్వాతది. పేలకముందు కొన మడిచి ఉంటుంది కాబట్టి అరవైకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పాత ఇంగ్లీషు తుపాకుల్లో, వాటిని చూసి చేసిన మన పాత తుపాకుల్లో చాలావాటి ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) 65 మిల్లీమీటర్లే, అంటే రెండున్నర అంగుళాలు. అందులో 70 తూటా చక్కగా దిగుతుంది, తుపాకి మూసుకుంటుంది, ఏ తేడా తెలియదు. పేలినప్పుడు మాత్రం మడత విచ్చుకోవడానికి చోటు చాలక, ఛాంబర్ ముందున్న సన్నటి భాగంలోకి చొచ్చుకుపోయి దారి ఇరుకవుతుంది. ఒత్తిడి పెరుగుతుంది. భుజానికి దెబ్బ గట్టిగా తగలడం, ఖాళీ గొట్టు కొన చిరిగి రావడం, తుపాకి కీలు వదులవడం దీని గుర్తులు. మీ తుపాకి గొట్టం కింద భాగంలో ఛాంబర్ కొలత చెక్కి ఉంటుంది. రెండున్నర అంగుళాలో, రెండుముప్పావు అంగుళాలో, 65 లేదా 70 అనో ఉంటుంది. కనిపించకపోతే డీలరు దగ్గర కొలిపించండి. మూడంగుళాలది, అంటే 76 మిల్లీమీటర్ల తూటా, ఆ కొలత చెక్కి ఉన్న తుపాకిలో తప్ప ఇంకెందులోనూ పెట్టొద్దు.

దీనికన్నా ఘోరమైంది ఇంకొకటుంది. ఇరవై బోర్ తూటా పన్నెండు బోర్ గొట్టంలో పడితే వెనక అంచు దగ్గర ఆగదు. జారిపోయి ఛాంబర్ ముందు ఇరుక్కుంటుంది. చూసేవాడికి ఛాంబర్ ఖాళీగా కనిపిస్తుంది. ‘తూటా పెట్టలేదేమో’ అనుకుని వెనక పన్నెండు బోర్ తూటా పెట్టి పేలిస్తే గొట్టం ఎడమ చెయ్యి పట్టుకునే చోటే పగులుతుంది. అందుకే ప్రపంచమంతా ఇరవై బోర్ తూటాలను పసుపు రంగులో చేస్తారు. ఒకే ఇంట్లో పన్నెండు, ఇరవై రెండూ ఉంచుకోవడం మాకు ససేమిరా ఇష్టం లేదు. రెండో తుపాకి కావాలంటే తేడా కంటికి కొట్టొచ్చినట్టు ఉండే రకం తీసుకోండి.

దొరకడం సంగతి. మన దేశంలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలన్నీ 2021 అక్టోబరు 1న ఏడు కంపెనీలుగా విడిపోయాయి. తూటాలు చేసేది పుణె కేంద్రంగా ఉన్న మునిషన్స్ ఇండియా. పన్నెండు బోర్, .32, .315 తూటాలు అక్కడి ఖడ్కీ కర్మాగారం పేరు మీద డీలర్ల దగ్గరికి వస్తుంటాయి. వీటిలో డీలరు ముందుగా తెప్పించేది పన్నెండు బోరే. ఒక నంబరు లేకపోయినా పక్క నంబరు దొరుకుతుంది. రైఫిలు తూటాకు ఆ వెసులుబాటు లేదు.

.32: రెండు తూటాలకు ఒకే పేరు

పట్నంలో ఉండేవాళ్లకు, డబ్బు పట్టుకుని తిరిగే వ్యాపారులకు .32 సరైనదే. బరువు తక్కువ, ఇంట్లో బీరువాలో పడుతుంది, ఇరుకు గదిలో తిప్పుకోవచ్చు. బలం మాత్రం మధ్యరకం. గురి కుదరడానికి పన్నెండు బోర్ కన్నా ఎన్నో రెట్లు సాధన కావాలి. ఏడాదికి ఒక్కసారి కూడా కాల్చని మనిషి చేతిలో .32 రివాల్వరు ధైర్యాన్ని మాత్రమే ఇస్తుంది.

కొనేటప్పుడు జాగ్రత్త పడాల్సింది పేరు దగ్గర. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరుకు పట్టేది పొడవాటి తూటా. దాని గొట్టు పొడవు 23 మిల్లీమీటర్లు, వెనక అంచు బాగా బయటికి పొడుచుకుని ఉంటుంది, గుండు బరువు 98 గ్రెయిన్లు, అంటే ఆరు గ్రాములకు కాస్త పైన. ఇషాపూర్ .32 పిస్తోలుకు పట్టేది పొట్టి తూటా. గొట్టు 17 మిల్లీమీటర్లు, అంచు లేశమాత్రం, గుండు 71 గ్రెయిన్లు. బిల్లులో, లైసెన్సులో రెండింటికీ .32 అనే రాస్తుంటారు. పొడవాటిది పిస్తోలు మ్యాగజీనులో పట్టదు కాబట్టి ఆ తప్పు వెంటనే తెలిసిపోతుంది. పొట్టిదాన్ని రివాల్వరులో వేస్తే మాత్రం దిగుతుంది, ఒక్కోసారి పేలుతుంది కూడా. అది ఆ తుపాకి కోసం చేసిన తూటా కాదు, ఆ ఒత్తిడీ దానికి లెక్కగట్టింది కాదు. కొట్టు గడప దాటకముందే మీ తుపాకి తూటా ఒకటి పక్కన పెట్టి పొడవు పోల్చి చూసుకోండి. బిల్లు మీద రివాల్వరు తూటా అనో పిస్తోలు తూటా అనో విడిగా రాయించుకోండి.

.315, .30-06

బ్రిటిష్ వాళ్లు సైన్యం తూటా జనం చేతిలో పడకూడదని .303ను నిషేధించాక, ఆ ఖాళీలో వచ్చిన రైఫిలు .315. గుండు 244 గ్రెయిన్లు, దాదాపు 16 గ్రాములు. సెకనుకు 600 మీటర్లకు పైగా వేగం. ఇటుక గోడ దాన్ని ఆపుతుందని నమ్మడానికి లేదు. తప్పిపోతే కిలోమీటర్ల లెక్కన పోతుంది. బ్యాంకు గార్డుకో, క్యాష్ వ్యానుకో, వేరే దారి లేని ఒంటరి ఎస్టేటుకో ఉంటే ఉండొచ్చు. ఇల్లూ పొలమూ కాపాడుకునే రైతుకు ఇది అవసరానికి మించిన తూటా. ఇప్పటికే .315 ఉండి ఇంకోటి వద్దనుకునేవాళ్లు పది పదిహేను తూటాలకు మించి ఉంచుకోనక్కర్లేదు.

.30-06 ఇంకా అరుదు, ఇంకా ఖరీదు. దిగుమతి తూటాలు మామూలు లైసెన్సుదారుకు అందేవి కావు. పాతకాలం విదేశీ రైఫిలు వారసత్వంగా వస్తే, దానికి తూటా దొరకదన్న సంగతి ముందే ఒప్పుకుని, ఆపద లెక్కలోంచి దాన్ని తీసేయండి.

.22, గాలి తుపాకి, నాటు తుపాకి

.22 తూటా చవక, తేలిక, దెబ్బ తక్కువ. యాభై తూటాల పెట్టె జేబులో పడుతుంది. రైఫిల్ క్లబ్బులో సాధనకు దీన్ని మించింది లేదు. ఆపదకు నమ్మదగ్గది కాకపోవడానికి కారణం దాని తయారీలోనే ఉంది. మిగతా తూటాలకు అడుగున మధ్యలో విడిగా ప్రైమర్ బిళ్ల, అంటే పిన్ను తగలగానే మందును అంటించేది, ఉంటుంది. .22కు అంచు మడత లోపలే పేలే మసాలా పూస్తారు. ఆ పూత అంచంతా సమంగా లేకపోయినా, నూనె తగిలినా పేలదు. పేలని తూటాలు మిగతా రకాల కన్నా దీనిలో ఎక్కువ. చిన్నదని తేలిగ్గా చూడొద్దు, దీని గుండు కిలోమీటరున్నర పోతుంది.

గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్లు దాటని .177 గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. దానితో గురి నేర్చుకోవచ్చు. నెమలినో పిట్టనో కొడితే వన్యప్రాణి చట్టం కింద జైలే.

ముందు నుంచి కూరే నాటు తుపాకికి తూటాయే ఉండదు. మందు, సీసం, టోపీలు విడివిడిగా ఉంచాలి. ఆ నల్ల తుపాకి మందు గాలిలో తేమ పీల్చుకుంటుంది, నిప్పురవ్వకు భగ్గుమంటుంది. పంట కాపలా లైసెన్సుతో అది ఉన్నవాళ్లు, వెనక నుంచి తూటా పెట్టే పన్నెండు బోర్‌కు మార్చమని అడగడం మంచిది. తూటాను దాచినంత భద్రంగా మందును ఇంట్లో దాచలేం.

మన ఎండ, మన వాన

కర్నూలు, అనంతపురంలో వేసవి 42, 43 డిగ్రీలకు పోతుంది. రేకుల షెడ్డులో, కారు డిక్కీలో అంతకన్నా చాలా ఎక్కువ. పొగరాని మందులో అది విచ్ఛిన్నం కాకుండా ఆపే పదార్థం కొద్దిగా కలిపి ఉంటుంది. వేడికి అది త్వరగా ఖర్చయిపోతుంది. ఒక మధ్యాహ్నం ఎండకు తూటా పాడైపోదు, రెండు మూడు వేసవులు రేకుల కింద పడుంటే మాత్రం దాని మీద భరోసా ఉండదు. అటక మీద, కిటికీ పక్క, వంటింట్లో, మోటారు షెడ్డులో పెట్టొద్దు. నాపరాయి పరిచిన లోపలి గదిలో, నేల నుంచి అడుగు ఎత్తున, పడమటి గోడకు తగలకుండా పెట్టండి.

డబ్బా ఏదైనా సరే, మూతకు రబ్బరు వాసరు ఉండాలి. స్టీలు టిఫిన్ డబ్బా చాలు. తూటాలను అట్టపెట్టెలోంచి తీయకుండా, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి మూయండి. మూసే రోజు ముఖ్యం. ఆగస్టులో జల్లు పడుతుండగా మూస్తే తేమనూ లోపల బంధించినట్టే. ఫిబ్రవరి, మార్చిలో ఎండ పొడిగా కాసే రోజు మధ్యాహ్నం మూయండి. నీలం సిలికా గింజలు గులాబీ రంగుకు తిరిగితే పని అయిపోయినట్టు, మార్చేయాలి. వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి చూస్తే చాలు.

చూడముచ్చటగా ఉంటుందని తూటాలను తోలు పటకాలో గుచ్చి గోడకు వేలాడదీస్తారు. తోలు పదును చేసే రసాయనం ఇత్తడిని తింటుంది. కొన్ని నెలలకు తూటా చుట్టూ పచ్చటి చిలుము కడుతుంది. ఆ చిలుము మందంగా ఉంటే తూటా ఛాంబర్‌లో ఇరుక్కుంటుంది, పేలాక బయటికి రాదు. తుప్పు పట్టకూడదని తూటాలకు నూనె రాసేవాళ్లూ ఉన్నారు. నూనె ప్రైమర్ అంచులోంచి లోపలికి దిగి దాన్ని చంపేస్తుంది. తూటాను పొడి గుడ్డతో తుడవడం తప్ప ఇంకేమీ చేయకూడదు. తుపాకికి నూనె వేసినా, తూటా పెట్టేముందు ఛాంబర్‌ను పొడిగా తుడవాలి.

వరద గురించి కర్నూలుకు చెప్పనక్కర్లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరి మీదికొచ్చాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు ఊళ్లను ముంచింది. నీళ్లలో మునిగిన పన్నెండు బోర్ తూటాను ఎండబెట్టి వాడొద్దు. కొన మడతలోంచి నీళ్లు లోపలికి పోతాయి. ప్లాస్టిక్ గొట్టు పైకి కొత్తదానిలా కనిపిస్తుంది, లోపల మందు ముద్దయి ఉంటుంది. అది పూర్తిగా పేలకపోవడం కన్నా సగం పేలడం ప్రమాదం. పాత కాగితం గొట్టు తూటాలైతే ఉబ్బి ఛాంబర్‌లోకే దిగవు. నదికి దగ్గర ఇళ్లవాళ్లు తూటాల డబ్బాతో పాటు లైసెన్సును కూడా ప్లాస్టిక్ కవరులో వేసి, మొదట చేతికందే చోట పెట్టుకోండి. ఇల్లు వదలాల్సి వస్తే తుపాకిని ఖాళీ ఇంట్లో వదిలి పోకూడదు. వెంట తీసుకెళ్లండి, లేదా స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి.

పేలకపోతే

ట్రిగ్గర్ నొక్కాక టక్ మని మాత్రమే వినిపిస్తే తుపాకిని వెంటనే తెరవొద్దు. గొట్టం మనిషి లేని వైపు ఉంచి నిండుగా ఒక నిమిషం ఆగండి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. ఆ తర్వాత తెరిచి ప్రైమర్ చూడండి. మధ్యలో లోతుగా గుంట పడి ఉంటే తప్పు తూటాది. గుంట పలచగా ఉన్నా, అసలు లేకపోయినా తప్పు తుపాకి పిన్నుదో స్ప్రింగుదో. వరసగా రెండు తూటాలకు అలా అయితే కొత్త తూటాలు కొనడం దండగ, తుపాకిని మరమ్మతుకు ఇవ్వాలి.

‘ఢాం’ అనాల్సింది ‘టుప్’ అంటే ఇంకా జాగ్రత్త. గుండ్లనో వాటి వెనకున్న బిరడానో సగం గొట్టంలో వదిలేసి ఉండొచ్చు. తుపాకి తెరిచి, తూటాలన్నీ తీసేసి, గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడకుండా రెండోది పేల్చొద్దు.

ఎన్ని

పొలం ఇంటికి, పన్నెండు బోర్ ఉంటే: బీబీ పదిహేను, 4 నంబరు పది. చుట్టూ ఇళ్లు లేకుంటేనే ఎస్‌జీ ఐదు. మొత్తం ముప్ఫై. తూటా ఒక్కోటి యాభై గ్రాముల దాకా తూగుతుంది కాబట్టి అంతా కలిపి కిలోన్నర. ఊళ్లో ఇంటికి 4 నంబరు ఇరవై చాలు. .32కు దాచేవి ఇరవై, సాధనకు ఏడాదికి కొనేవి విడిగా. డబ్బా మీద కొన్న నెల, సంవత్సరం, నంబరు రాసి అంటించండి. ఏటా అనుమతి ఉన్న రేంజిలో పాత తూటాలు పది కాల్చి, వాటి చోట పది కొత్తవి కొనండి. ఇలా చేస్తే మూడేళ్లు దాటిన తూటా ఇంట్లో ఉండదు, చెయ్యీ సాధనలో ఉంటుంది. వందల లెక్కన దాచేవాడికి ఈ రెండూ కుదరవు.

ఖాళీ పొలంలో, పెళ్లి ఊరేగింపులో, జాతరలో కాల్చడం సాధన కాదు. వేడుక కాల్పులకు 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. దొంగల్ని బెదిరించడానికి గాల్లోకి కాల్చడం కూడా మేం చెప్పం. పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట దిగుతుంది. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. ఎదుటి ముప్పు ఎంతో రక్షణ అంత వరకే అన్నది దాని సారం. పారిపోతున్నవాడి వీపు మీద కాల్చితే కోర్టులో ఆ హక్కు నిలబడదు.

పంటకు వచ్చే అడవి పంది కోసమని తూటాలు కొనేవాళ్లకు ఒక మాట. అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా పందిని కాల్చడం నేరం. సోలార్ కంచె, చుట్టూ పాత చీరలు కట్టడం, రాత్రి కాపలా లాంటివి ముందు చూడండి. రోళ్లపాడు, నల్లమల, కలివికోడి ఉండే లంకమల చుట్టుపక్కల వాళ్లకు ఇంకో నియమం ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉన్న లైసెన్సుదారు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ముందే కావాలి.

ఎన్నికలొస్తే పోలీసులు తుపాకి డిపాజిట్ చేయమంటారు. ఆ నెలా రెండు నెలలూ మీ ఆపద ప్రణాళికలో తుపాకి ఉండదు. గట్టి తలుపు, లోపలి గడియ, వాకిట్లో మంచి లైటు, కుక్క, పక్కింటి ఫోన్ నంబరు, 112. ఇవన్నీ తూటాల కన్నా ముందు అమర్చుకోవాల్సినవి. డిపాజిట్ చేసేటప్పుడు తూటాల సంఖ్య కూడా రసీదు మీద రాయించండి, తిరిగి తీసుకునేటప్పుడు లెక్క చూసుకోండి.

చిలుము పట్టినవి, తడిసినవి, ప్రైమర్ ఉబ్బినవి, దగ్గర పెడితే ముక్కు మండే పుల్లటి వాసన వచ్చేవి పక్కన పెట్టి, విప్పకుండా, చెత్తలో వేయకుండా, బావిలో పారేయకుండా, పాతిపెట్టకుండా డీలరుకో స్టేషనుకో అప్పగించి లెక్కలోంచి కొట్టేయించుకోండి.